ఎవరూ రాయని ఫైలు

పోయిన వారం వెనింగ్‌ను మెట్ల మీద వదిలేశాం. జావా దీవిలోని సెమరంగ్ దిగువపేటలో, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వీధిలోకి నడిచి వచ్చే చోట, ఒక పాత ఇంటిని ఆఫీసుగా మార్చుకున్న చిన్న కంపెనీ అది. కింది అంతస్తుకూ పై అంతస్తుకూ మధ్య, ఎక్కలేక దిగలేక, ఆ అమ్మాయి నిలబడిపోయింది. చేతిలో ఫోను. ఫోనులో పసిరాన్ ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ ఇబు సులస్మి పంపిన ఒకే ఒక్క వాక్యం: "అమ్మాయ్, ఈవిడకు పడని మందు పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది."

తీరం పొడవునా ఉన్న ఆరోగ్య కేంద్రాల మధ్య రోగుల వివరాలను మోసుకుపోయే ప్రోగ్రాం వాళ్ళది. ఏళ్ళ తరబడి దాని ప్రతి కొత్త రూపమూ, వాళ్ళ మాటలో బిల్డ్, పై అంతస్తులో అందరూ అయ్యగారన్నట్టు పాక్ అని పిలిచే పెద్దాయన హర్దోనో ల్యాప్‌టాప్‌లోనే పుట్టేది. మరెవరి యంత్రంలోనూ పుట్టేది కాదు. ఒక్క ముసలి ల్యాప్‌టాప్ మీద ఇంత మంది బతుకు వేలాడకూడదని యజమానురాలు మెయ్‌లాన్ పట్టుబట్టింది. ఎవరి కంప్యూటర్‌లోనైనా, చివరకు మనిషే లేని సర్వర్‌లోనైనా బిల్డ్ తయారయ్యేట్టు అమర్చే పనిని వెనింగ్‌కు అప్పగించింది. వెనింగ్ అమర్చింది. నిన్న పసిరాన్‌లో పరీక్షకు పెట్టింది. ఇవాళ నాలుగు గంటలకు జిల్లా ఆరోగ్యాధికారి ఎదుట, పసుపు అన్నాన్ని గోపురంలా పేర్చిన తుంపెంగ్‌ను కోసి, కొత్త బిల్డ్‌ను అన్ని కేంద్రాలకూ వదలాలి.

ఇప్పుడు గంట రెండు కావస్తోంది.

ఆమె పైకి వెళ్ళలేదు. వెనక్కి దిగింది.

భయపడి కాదు, భయమే అయితే ఎవరితోనైనా చెప్పుకునేది. పెద్దవారి గదిలోకి వెళ్ళి "ఈ పని మీరు ఎలా చేస్తున్నారు" అని అడగడమంటే, ఆ ఊరి మర్యాదలో, ఆయన కూర్చున్న పీటను లాగడమే. అడిగినవారి ముఖమూ వాడిపోతుంది, అడిగించుకున్నవారి ముఖమూ వాడిపోతుంది. అందుకే ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. బిల్డ్ కావలసినప్పుడల్లా ఒక మాట పైకి పంపేవారు. సాయంత్రానికల్లా ఫైలు కిందికి వచ్చేది. మధ్యలో ఏం జరిగిందని ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే, "పాక్ చూసుకుంటారు" అని కిందివాళ్ళు ఒకే గొంతుతో అనేవారు. అది జవాబు కాదని అందరికీ తెలుసు. మర్యాద అని కూడా తెలుసు.

వెనింగ్ కుర్చీలో కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. కిటికీ బయట గోధుమరంగు నీరు వీధిని నింపి, గేటు కింది నుంచి లోపలికి నాలుక చాపుతోంది. బల్ల మీద అరటాకు కప్పిన తుంపెంగ్ నుంచి కొబ్బరిపాల వాసన, పసుపు వాసన కలిసి వస్తున్నాయి. వాసన కడుపును పిలుస్తోంది. కడుపు పలకడం లేదు.

శుక్రవారం ప్రార్థన ముగించుకుని పంజీ వచ్చాడు. లుంగీ పైకి దోపుకుని, చెప్పులు రెండూ ఒక చేత్తో పట్టుకుని, తడిసిన కాళ్ళను గడప దగ్గర ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటూ ఆమెను చూశాడు.

"ఏంటి ఎంబా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు? అన్నం మీద కాకి వాలుతుందని కాపలానా?" ఎంబా అంటే అక్కడ అమ్మాయిని మర్యాదగా పిలిచే మాట.

"ఇలా రా మాస్," అంది ఆమె, అన్నా అన్నట్టు. "ఇది చూడు."

"తిన్నాక చూస్తా."

"ఇది చూస్తే తినలేవు."

అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. ఫోనులో నర్సమ్మ వాక్యం చదివాడు. తల మీది టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. అంటే వేళాకోళం కాసేపు పక్కన పెట్టాడని అర్థం.

తమ జావా దీవి పేరునే మోస్తున్న కంప్యూటర్ భాషలో రాసే ప్రోగ్రాంలకు ఒక సౌకర్యం ఉంది. రాసిందే రాయవలసిన విసుగు పనులన్నిటినీ మనిషి రాయనక్కరలేదు. కావలసిన చోట ఒక గుర్తు పెడితే చాలు. దాన్ని అనొటేషన్ అంటారు. బిల్డ్ జరిగే వేళ సహాయక ప్రోగ్రాంలు వచ్చి, ఆ గుర్తులను చదువుకుని, కావలసిన ఫైళ్ళను తామే రాసి పెడతాయి. మనం చుక్కలు పెడితే ముగ్గు అవి వేసినట్టన్నమాట. ఎవరూ రాయని ఆ ఫైళ్ళను ఎవరూ దాచుకోరు కూడా. ప్రతి బిల్డ్‌కూ పాతవి తుడిచిపెట్టుకుపోతాయి, కొత్తవి పుడతాయి.

వెనింగ్ ఇన్నాళ్ళూ అమర్చింది ఈ సహాయకులనే. ఎవరు ఏ యంత్రం ముందు కూర్చున్నా అవి లేచి పని చేసేట్టు, అందరికీ ఉమ్మడిగా ఉండే అమరిక ఫైల్లో వాటి పేర్లు రాసింది. పాత భాగాలన్నీ ఎప్పుడో చేత్తో రాసినవి. వాటికి బెంగ లేదు. తర్వాత చేరిన అలర్జీల భాగానికి మాత్రం రెండు సహాయకాలు కావాలి. ఒకటి ప్రతి వివరానికీ తలుపు పెడుతుంది. రెండోది ఆ తలుపుల గుండా సామాను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మోస్తుంది.

"రెండు పేర్లూ ఉన్నాయిగా," అన్నాడు పంజీ తెర మీదికి వంగి.

"ఉన్నాయి. వరస చూడు."

అతను చూశాడు. పెదవులు కదిలిస్తూ మళ్ళీ చూశాడు. "మోసేవాడు ముందు. తలుపులు పెట్టేవాడు తర్వాత."

"మోసేవాడు వచ్చేసరికి ఇంటికి తలుపే లేదు. తలుపు లేని ఇంట్లో సామానూ ఉండదనుకున్నాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు."

"వెళ్ళేవాడు ఒక కేక వేయొచ్చుగా. ఎర్రటి అక్షరాలతో ఏదో ఒకటి రాసి ఏడవచ్చుగా."

"మన ఊరివాడేమో," అంది వెనింగ్. "మొహమాటం."

పంజీ నవ్వబోయి ఆగాడు. "ఈ వరస ఎవరు పెట్టారు?"

"నేనే. చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని అక్షరక్రమంలో పేర్చాను."

"నీ పెళ్ళి శుభలేఖలో కూడా అంతే చేస్తావు. అక్షరక్రమంలో పెళ్ళికొడుకు పేరు వంటవాడి తర్వాత వస్తుంది."

ఆమె రెండు పంక్తులనూ తారుమారు చేసింది. బిల్డ్ మళ్ళీ నడిపింది. పరీక్షకు పెట్టుకున్న ఉత్తుత్తి రోగి పేరు ఎదుట, ఖాళీగా ఉన్న గడిలో మందు పేరు నిండుగా వచ్చి కూర్చుంది. పంజీ గుండెల నిండా గాలి పీల్చుకుని, కుర్చీని వెనక్కి తోశాడు.

"అయిపోయింది. ఎవరికీ తెలియదు. తెలిసినా నేను చెప్పను. ఇక తిందామా?"

"కూర్చో మాస్. అసలుది ఇప్పుడుంది."

ఆమె పాత అమరికను పైకి తీసింది. తాను చేయి పెట్టకముందు, ఏడాదిగా ఉమ్మడి కోడ్‌తో పాటు ఉన్నదాన్ని. ఏ మరకా లేని కొత్త యంత్రంలో దాన్ని నడిపింది. గడి ఖాళీ. ఇంకోసారి నడిపింది. ఖాళీ. అందులోనూ మోసేవాడే ముందున్నాడు.

పంజీ తల ఎత్తాడు. పైకప్పు వైపు చూశాడు. పైకప్పుకు అవతల ఆ గది ఉంది.

"అంటే," అన్నాడు, "ఈ కోడ్ ఎప్పుడూ సరిగా పుట్టలేదు. కానీ ఏడాదిగా అన్ని కేంద్రాల్లోనూ ఆ గడి నిండుగానే ఉంది."

"ఆయన యంత్రంలో పుట్టినప్పుడు మాత్రం నిండుగా ఉంది. మన కోడ్‌లో లేనిది ఏదో ఆయన దగ్గర ఉంది. అది ఈ ఒక్క గడినే నింపుతోందా, ఇంకేమైనా కూడా చేస్తోందా? అది తెలుసుకోకుండా నాలుగింటికి నా బిల్డ్ వదిలితే, ఇంకేం తుడుచుకుపోతుందో నాకు తెలియదు. తెలియనిదాన్ని ఒక రోగి ఒంటి మీద పరీక్షించలేను మాస్."

"పాక్ చూసు..." అని అలవాటుగా మొదలుపెట్టి పంజీ నాలుక కరుచుకున్నాడు. "సరే. వెళ్ళి అడుగు."

"నువ్వూ రా."

"నాకు ఇద్దరు పిల్లలున్నారు ఎంబా. పైగా ఈ వేళలో వెళ్తే ఆయన ఫోన్లో ఉంటారు. చిన్నింటి నుంచి పిలుపు వచ్చే సమయం."

అది ఆఫీసులో పాత నవ్వు. పాక్ హర్దోనో ఫోను రోజంతా చీమ కుట్టినట్టు ఉలిక్కిపడుతూ ఉంటుంది. అది గుర్రుమన్న ప్రతిసారీ ఆయన, చేస్తున్న పనిని మధ్యలో వదిలేసి, వెనక వసారాలోకి వెళ్ళి, గొంతు తగ్గించి మాట్లాడి వస్తారు. చర్చ సాగుతున్నా అంతే, భోజనం మధ్యలో అయినా అంతే. ఈ వయసులో చిన్నిల్లు పెట్టారని కిందివాళ్ళు తేల్చేశారు. వెనింగ్ కూడా ఆ మాటకు చాలాసార్లు నవ్వింది. ఇవాళ నవ్వు రాలేదు.

ఆమె మల్లెపూల టీ కాచింది. గాజు గ్లాసులో కలకండ వేసింది. చిన్న పళ్ళెంలో రెండు వింగ్‌కోలు పెట్టింది, ఇంకా వెచ్చగా ఉన్న కొబ్బరి బిళ్ళలు. ట్రే చేతిలో ఉంటే మెట్లు ఎక్కడానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కింది.

"లోపలికి రావచ్చా పాక్?"

"రా నాక్, రా. నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?"

బిడ్డా అన్నట్టే ఉంటుంది ఆయన నోట ఆ పిలుపు. తెల్లని చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఎదురుగా మూలలు అరిగిన ల్యాప్‌టాప్. దాని పక్కన మడిచిన చేతిరుమాలు. రుమాలు మీద ఫోను, నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.

"రెండో మెట్టు దాకా వచ్చాయి పాక్."

"పౌర్ణమికి మూడోది ఎక్కుతాయి. ఈ ఇల్లు కొన్నప్పుడు వీధి మనకంటే కింద ఉండేది. ఇప్పుడు మనం వీధి కంటే కింద ఉన్నాం."

"అవును పాక్."

పంకా తిరుగుతోంది. గోడకు వేసిన సున్నం ఉప్పుగాలికి పొరలుగా లేచి ఉంది. ఆ గదిలో రోజూ ఉండేది ఏదో ఇవాళ లేదనిపించింది వెనింగ్‌కు. ఏమిటో తోచలేదు. తోచనిది పంటి కింద రాయిలా ఉండిపోయింది.

"ల్యాప్‌టాప్ బాగా పని చేస్తోందా పాక్?"

"ముసలిది, నాలాగే. చెప్పిన మాట వింటుంది, కొత్త మాట వినదు."

"బిల్డ్ చేసేటప్పుడు వేడెక్కుతుందేమో."

"వేడెక్కుతుంది."

ఆయన టీ తాగారు. వింగ్‌కోను సగానికి విరిచి, ఒక సగం ఆమె వైపు జరిపారు. ఆమె దాన్ని తీసుకుంది; తినలేదు. కింద గేటు దగ్గర ఎవరో నీళ్ళలో నడుస్తున్న చప్పుడు వచ్చి, దూరమై, ఆగిపోయింది.

"నాక్," అన్నారు ఆయన గ్లాసులోకి చూస్తూ, "ఈ గదికి టీ పట్టుకొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందరూ నీళ్ళ గురించి అడిగారు. వేడి గురించి అడిగారు. ట్రే తీసుకుని దిగిపోయారు. నువ్వూ దిగిపోతావా?"

ఆమె ట్రేను బల్ల మీద పెట్టేసింది.

"ఇబు సులస్మి రాశారు పాక్. పసిరాన్‌లో అలర్జీ గడి ఖాళీగా ఉందట. తప్పు నాదే. సహాయకాల వరస నేను తప్పు పెట్టాను, సరిచేశాను కూడా. కానీ నేను రాకముందు ఉన్న అమరికతో చేసినా అది ఖాళీగానే వస్తోంది. మీ దగ్గర తప్ప ఎక్కడ చేసినా ఖాళీయే. నాలుగింటికి నా బిల్డ్ అందరికీ వెళ్తుంది. మీరు ఇక్కడ ఏం చేస్తున్నారో నాకు తెలియాలి పాక్. తెలియకుండా నేను కిందికి దిగను."

ఒక్క గుక్కలో అనేసింది. తల వంచి అనవలసిన మాటలను తల ఎత్తి అనేసింది. అన్నాక, చెవుల దాకా వేడి పాకింది.

పాక్ హర్దోనో ముఖంలో కోపం రాలేదు. చాలా రోజులుగా ఎదురుచూసిన బండి చివరకు స్టేషన్‌లోకి వచ్చినప్పుడు ప్రయాణికుడు మూట సర్దుకున్నట్టు, కళ్ళద్దాలు సర్దుకున్నారు. ల్యాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పారు.

"చూడు."

ఆయన ప్రోగ్రాం రాసుకునే పాతకాలపు ఎడిటర్‌లో అమరికల పేజీ తెరిచి ఉంది. అనొటేషన్ ప్రాసెసింగ్ అన్న చోట చిన్న గడి. ఆ గడిలో టిక్కు లేదు.

"తీసేశారా?"

"తీసేశాను. తలుపులు పెట్టేది ఈ ఎడిటర్ లోపలే కాపురం ఉంటుంది, దానికి ఈ టిక్కుతో పని లేదు. ఈ టిక్కు తీస్తే ఆగిపోయేది మోసేవాడొక్కడే. వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టాను."

"మరి మోసేదెవరు?"

ఆయన తన ఛాతీ మీద చేయి వేసుకున్నారు, పెద్దల ముందు తన పేరు చెప్పుకునేటప్పుడు అక్కడివాళ్ళు వేసుకునేట్టు. తర్వాత ఒక ఫైలు తెరిచారు.

అది ఎవరూ రాయని ఫైలు. సహాయకం ఎప్పుడో ఒకసారి పుట్టించింది. నెత్తిన ఇంకా దాని ముద్ర ఉంది, దీన్ని యంత్రం తయారు చేసిందని. కానీ ముద్ర కింద ఉన్నదంతా మనిషి చేయి. ఒక్కో వివరాన్నీ తీసి, ఒక్కో చోటా పెట్టిన పంక్తులు. పక్కన ఇంట్లో మాట్లాడుకునే జావా మాటల్లో చిన్న చిన్న వివరణలు: ఇది మందు పేరు, ఇది తీవ్రత, ఇది ఎవరు చెప్పారన్నది. టిక్కు లేదు కాబట్టి ఈ ఫైలును ఎవరూ తుడవరు. తుడిచే ఫైళ్ళ గదిలో ఉంది కాబట్టి ఉమ్మడి కోడ్‌లోకి ఎన్నడూ రాదు. లోకంలో దానికి ఇదొక్కటే ఇల్లు.

వెనింగ్ కిందికి చదువుకుంటూ పోయింది. అడుగున ఒకచోట ఆమె కళ్ళు ఆగిపోయాయి. అక్కడి పంక్తులు ఏ సామానూ మోయడం లేదు. తీవ్రమైన అలర్జీ ఉన్న రోగి ఏ కేంద్రంలో అడుగుపెట్టినా, ఆ వివరం తెర మీదికి వెళ్ళేలోపే, ఒక నంబరుకు ఒక మెసేజ్ పంపిస్తున్నాయి.

ఆ నంబరు ఆమెకు తెలుసు. సెలవు కావలసినప్పుడల్లా ఆమె మెసేజ్ పెట్టే నంబరే అది.

"వసారాలోకి వెళ్ళి మీరు మాట్లాడేది..."

"కేంద్రాలతో. ఫలానా ఆవిడ వచ్చింది, ఆవిడకు ఫలానా మందు పడదు, తెర మీద కనిపించిందా, కంటితో చూశావా అని అడుగుతాను. చూశాం పాక్ అంటే పెట్టేస్తాను." ఆయన పెదవి చివర చిన్న వంపు తిరిగింది. "కింద ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. మా ఆవిడకు కూడా చెప్పాను. ఈ కడుపేసుకుని చిన్నింటికి ఏ మెట్లు ఎక్కుతారని నవ్వింది."

వెనింగ్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఎందుకు పాక్ ఇదంతా?"

"అలర్జీల భాగం కొత్తగా చేర్చినప్పుడు మొదట పసిరాన్‌కే పంపాం. అప్పుడూ గడి ఖాళీగానే వెళ్ళింది. ఒక బాలింతకు ఇంజెక్షన్ సిద్ధం చేశారు. సులస్మి ఆ పిల్లను చిన్నప్పటి నుంచీ ఎరుగును, ఏ మందుకు ఒళ్ళంతా దద్దురులు లేచి ఊపిరాడలేదో ఎరుగును. సిరంజిని ట్రేలో పడేసి నాకు ఫోన్ చేసింది. నీ డబ్బా అబద్ధమాడుతోందయ్యా అంది." ఆయన ఆగి, చల్లారిన టీ చివరి గుక్క తాగారు. "సులస్మికి మొహమాటం లేదు. కానీ ప్రతి కేంద్రంలోనూ ఒక సులస్మి ఉండదుగా నాక్. వరస సంగతి నాకు తట్టలేదు. ఆ మోసేవాడే మోసగాడనుకున్నాను. వాణ్ణి ఆపేసి, వాడి పని నేనే రాశాను. రాసినా నమ్మకం కుదరక ఫోను పట్టుకున్నాను."

"ఎవరికైనా చెప్పాల్సింది పాక్."

"ఎవరూ అడగలేదుగా."

ఆ మాటలో నింద లేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది. పెద్దాయనను అడగడం తప్పని కిందివాళ్ళు ఊరుకున్నారు. అడగనివాళ్ళకు చెప్పడం గొప్పలు పోవడమని పైనాయన ఊరుకున్నారు. ఆ రెండు మర్యాదల మధ్య ఒక్క ల్యాప్‌టాప్ మీద తీరమంతా నిలబడింది.

"ఒకసారి టిక్కు పెట్టనిస్తారా పాక్?"

ఆయన చాలాసేపు ఆ చిన్న గడిని చూశారు. తర్వాత కుర్చీ జరిపి చోటిచ్చారు.

వెనింగ్ ముందుగా ఆయన ఫైలును వేరే చోట భద్రం చేసింది. అమరికలో తలుపులు పెట్టేదాన్ని ముందుకు, మోసేదాన్ని వెనక్కు జరిపింది. టిక్కు పెట్టింది. బిల్డ్ నడిచింది. పాత ఫైలు కళ్ళముందే మాయమై, దాని చోట కొత్తది పుట్టింది. పాక్ హర్దోనో వేలితో తెర మీద గీత గీస్తున్నట్టు, ఒక్కో పంక్తినీ తన పంక్తితో పోల్చుకుంటూ చదివారు. మందు పేరు ఉంది. తీవ్రత ఉంది. చెప్పినవారి పేరు ఉంది.

"నాకంటే శుభ్రంగా రాసింది," అన్నారు చివరికి. "నేను ఒకచోట ఒకే మూటను రెండుసార్లు మోయించాను."

"అయినా దీనికి ఫోన్ చేయడం రాదు పాక్. ఆ పంక్తులు మీవే. వాటిని ఎవరూ తుడవని చోట, మన ఉమ్మడి కోడ్‌లో, మీ పేరుతోనే రాద్దాం. అవి వెళ్తేనే బిల్డ్ వెళ్తుంది."

ఆయన తల ఊపారు. ఆ ఊపులో, చాలా కాలంగా బరువు మోసిన భుజం మీది నుంచి ఎవరో ఒక కొస అందుకున్నప్పటి నెమ్మది ఉంది. ఆమె రాయడం మొదలుపెట్టింది. ఆయన చెబుతున్నారు, ఆమె రాస్తోంది. ఇక గండం గడిచినట్టే అనిపించింది. అలా అనిపించినప్పుడే, పంటి కింద రాయి మళ్ళీ కలుక్కుమంది.

ఏదో లేదు. ఈ గదిలో రోజూ ఉండేది ఇవాళ లేదు.

"ఇవాళ హాయిగా ఉంది," అన్నారు పాక్ హర్దోనో కుర్చీలో వెనక్కి వాలి. "నిన్న ఊపిరి తీసుకోనివ్వలేదు. ఇవాళ పొద్దుటి నుంచి ఒక్క మెసేజూ రాలేదు. శుక్రవారం కదా, జనం తక్కువేమో."

వెనింగ్ వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

రుమాలు మీద ఫోను. ఉలిక్కిపడని ఫోను. ఆమె వచ్చి ఇంతసేపైనా ఒక్కసారైనా గుర్రుమనని ఫోను.

"పసిరాన్ ఒక్కటే కదా పాక్ నా బిల్డ్ మీద ఉన్నది," అంది మెల్లగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "మిగతావన్నీ ఇంకా మీ దాని మీదే ఉన్నాయి. వాటి నుంచి రావాలిగా."

ఆయన వాలిన కుర్చీ ముందుకు వచ్చింది.

మెట్ల మీద చప్పుడు. మెయ్‌లాన్ లోపలికి వచ్చింది, చేతిలో పళ్ళెంతో, ముఖం నిండా పండగతో. వెనకాలే పంజీ, చేతులు కట్టుకుని. పళ్ళెంలో పసుపు అన్నపు గోపురం కొస. దాని పక్కన వేయించిన వేరుశనగ, కోడిగుడ్డు ముక్క. తుంపెంగ్ కొసను కోసి, ఆ పని ఎవరి వల్ల జరిగిందో వాళ్ళకే మొదట ఇస్తారు.

"అధికారిగారు ముందే వచ్చేశారు, కింద తినేస్తున్నారు కూడా," అంది మెయ్‌లాన్. "నిన్ను పిలిస్తే రావేంటి వెనింగ్? ఇది నీది. పట్టుకో."

"చిచి," అంది వెనింగ్, అక్కను పిలిచినట్టు, "ఒక్క మాట. నాలుగింటికి వదలొద్దు. ఇంకా..."

"నాలుగేంటి, ఎప్పుడో వదిలేశాను. పొద్దున్నే కేంద్రాలు తెరిచే వేళకే. అధికారిగారు వచ్చేసరికి అన్నిచోట్లా నడుస్తూ కనిపించాలి కదా, ఉత్త అన్నం చూపిస్తే ఏం బాగుంటుంది?" మెయ్‌లాన్ గర్వంగా నవ్వింది. "ఆ బటన్ ఎవరైనా నొక్కొచ్చని నువ్వేగా చెప్పావు. నేనే నొక్కాను. మొత్తం పచ్చగా వచ్చింది, ఒక్క తప్పూ చూపలేదు."

పళ్ళెం వెనింగ్ చేతుల్లోకి వచ్చింది. ఎలా వచ్చిందో ఆమెకు తెలియలేదు. అన్నం ఇంకా వేడిగా ఉంది.

పాక్ హర్దోనో అప్పటికే ఫోను అందుకున్నారు. ఈసారి వసారాలోకి వెళ్ళలేదు. అక్కడే, అందరి ఎదుటే, రోజూ ఎక్కువ మంది వచ్చే కేంద్రానికి ఫోన్ చేసి, గొంతు బయటికి వినబడేట్టు బల్ల మీద పెట్టారు. ఎత్తిన నర్సు గొంతు కుర్రది, హుషారుగా ఉంది.

"పాక్, మీరేనా! పొద్దుటి నుంచి అనుకుంటూనే ఉన్నాం, ఇవాళ పాక్‌కు మనం గుర్తు రాలేదేంటని."

"అమ్మాయ్, విను. ఇవాళ ఎవరికైనా ఇంజెక్షన్..."

"ఇచ్చేశాం పాక్, మీరేం కంగారు పడకండి. ఆ గడిలో ఏమీ లేదు. అయినా మేం గడి చూసి చేస్తామా? ఏదైనా ఉంటే మీరే ఫోన్ చేస్తారుగా. మీరు చేయలేదంటే ఏమీ లేదన్నమాటే."

మెయ్‌లాన్ నవ్వు ముఖం మీదే ఉంది, అర్థం మాత్రం లోపలికి దిగుతోంది. పాక్ హర్దోనో కుర్చీలోంచి లేచారు.

వెనింగ్ పళ్ళెంతోనే ఫోను మీదికి వంగింది. "చేతిలో ఉన్నది కింద పెట్టండి. ఇప్పుడు లోపల ఎవరున్నారు? ఎవరికైనా ఇప్పుడే ఇచ్చారా?"

"ఇప్పుడేగా, ఒక పెద్దావిడకు," అంది కుర్రగొంతు, ఇంకా హుషారుగానే. "పక్క గదిలో కూర్చోబెట్టాం. ఒక్క నిమిషం పాక్, ఆ గదిలోంచే ఎవరో పిలుస్తున్నారు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు దూరమైంది. కాసేపు ఏమీ లేదు, అవతలి పంకా తిరుగుడు తప్ప.

ఆ తర్వాత పరుగు వినిపించింది. మొదట ఒక్కరిది. ఆ వెంటనే చాలామందిది.